రీలు తప్పేమీ లేదు

అజీజ్‌నగర్,
జూన్ 2004

బిడ్డా ప్రవీణా,

మీ జయరాజ్ మామ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం వేళకు లేస్తున్నాం, వేళకు పడుకుంటున్నాం. మొన్న చేవెళ్లకు పోయినప్పుడు మీ అమ్మను చూసి వచ్చాను. నువ్వు ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నావని విమలక్క బాధపడింది. "రాత్రంత ఫోన్లనే ఉంటదట తమ్మీ, మల్ల ఫోనంటె చెవులు మండుతయట. జాబు రాస్తె చదువుతదట" అంది. అందుకని రాస్తున్నాను. నాకు రాయడమే నయం. ఎస్టీడీ బూతులో మీటరు తిరుగుతుంటే చెప్పాలనుకున్నది మరిచిపోతాను.

నేను ఇక్కడి రిసార్టులో గాలాల పని చూస్తున్నానని నీకు తెలుసు. శని, ఆదివారాలు హైటెక్ సిటీ నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు కార్లలో వస్తారు. కుంట చుట్టూ కుర్చీలు వేసుకుని చేపలు పడతారు. ఎర గుచ్చి ఇవ్వడం, చిక్కుపడ్డ దారం విడదీయడం, పడ్డ చేపను కొక్కెం నుంచి తప్పించడం నా పని. వాళ్ళు చేపను ముట్టరు, దానితో ఫోటో దిగుతారు. మీ ప్రేమమ్మ అత్త వంటింట్లో ఆ చేపనే వేయించి పెడుతుంది. పని ఉంది గనుక గది ఉంది, గది ఉంది గనుక మేం ఉన్నాం. మా సొంత ఊరు హిమాయత్‌నగర్‌లో మాకు గోడ కూడా మిగల్లేదని నీకు చెప్పేదేముంది.

ఇప్పుడు కష్టం ఏమంటే, గాలం కర్రలకు దారం చుట్టే రీళ్ళు ముసలివైపోయాయి. పిడి తిప్పితే పిడి తిరుగుతుంది, దారం మాత్రం రాదు. మా ఓనరు మహేశ్వర్ సారు వాటిని సింగపూర్ నుంచి తెచ్చినప్పుడు డబ్బాలో ఒక కార్డు వచ్చింది. దాని మీద జీవితకాలం గ్యారంటీ అని బంగారు రంగు అక్షరాలు ఉన్నాయి. అది చూపించి సారు ఏమంటాడంటే, "కార్డు ఉన్నది కద జయరాజ్, కొత్తవి నేనెందుకు కొంట? దసరా లోపల రీళ్ళు తిరగాలె. లేకుంటె కుంట పూడిపిచ్చి స్విమ్మింగ్ పూల్ కట్టిస్త. అప్పుడు నీతోని నాకేం పని?"

ఆయన తిట్టి చెప్పలేదు. టీ తాగుతూ చెప్పాడు. అందుకే భయం వేసింది. ఈ వయసులో, ఈ మోకాలితో నన్ను కూలికి పిలిచేవాళ్ళు లేరు. కార్డు మీది పేరు చూసి మీ అమ్మ "మా ప్రవీణ చేసేది గీ కంపెనీకే" అంది. నిజమేనా? నిజమైతే ఏం చేయాలో రాయి.

మీ మామ
జయరాజ్

*

బెంగళూరు,
జూలై 2004

మామా,

అమ్మ చెప్పింది సగం నిజం. నేను ఆ కంపెనీలో లేను. ఆ కంపెనీ తన ఫోన్లు ఎత్తే పనిని ఇక్కడ ఒక ఆఫీసుకు అప్పజెప్పింది. ఆ ఆఫీసులో నేను ఫోన్లు ఎత్తుతాను.

అమెరికాలో ముసలివాళ్ళు ఇన్ని చేపలు పడతారని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అందరి దగ్గరా నీ దగ్గరున్న కార్డే ఉంటుంది. "జీవితకాలం అన్నారు కదమ్మా" అంటారు. నేను చదివి వినిపించాల్సిన మాటలు కంప్యూటర్ మీద ఉంటాయి. తయారీలో లోపం ఉంటే మారుస్తాం, వాడకంలో అరిగిపోతే మార్చం. వాడితే అరగనిది ఏముంది మామా? అయినా అదే చదువుతాను. నిన్న ఒకాయన ఫోన్ చేశాడు, నీ వయసే ఉంటుంది. "నేను దీన్ని బాగా వాడుకున్నాను, అబద్ధమెందుకు" అన్నాడు. ఆ మాట అన్నాక ఇక నా చేతిలో ఏముంటుంది? కుదరదని చెప్పి, మీ రోజు బాగా గడవాలని కోరి పెట్టేశాను. ఆ కోరడం కూడా కంప్యూటర్ మీద రాసి ఉంటుంది.

మన దేశం వాళ్ళ కాగితాలు పోస్టులో వస్తాయి. అవి చూసే విభాగం వేరే. ఫారం పంపుతున్నాను. రీళ్ళను రోజూ వాడే మనిషే నింపి సంతకం పెట్టాలి, అంటే నువ్వే. సారు కొన్న బిల్లు జిరాక్సు జత చేయి. ఎలా పాడైంది అన్నచోట తక్కువ రాయి. ఎంత తక్కువ రాస్తే అంత మంచిది.

అత్తను అడిగానని చెప్పు. ఇక్కడి అన్నం నోట్లోకి పోవడం లేదని మాత్రం చెప్పకు.

ప్రవీణ

*

అజీజ్‌నగర్,
ఆగస్టు 2004

బిడ్డా,

ఫారం నింపి చేవెళ్ల పోస్టాఫీసు నుంచి రిజిస్టరు చేశాను. ఎలా పాడైంది అన్నచోట స్థలం చాలక వెనుక ఇంకో కాగితం అంటించాను. నేను తెలుగులో రాస్తే మా పాస్టరు గిద్యోను గారు ఇంగ్లీషు చేశారు. బాగా కుదిరిందని ఆయనే అన్నారు. నీకోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

"అయ్యా, ఈ రీళ్ళు మా కుంట దగ్గర ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేశాయి. పిల్లలు తిప్పారు, పెద్దలు తిప్పారు, తాగినవాళ్ళు కూడా తిప్పారు. ఒకటి కుంటలో పడి మరునాటిదాకా నీళ్ళలోనే ఉంది, బయటికి తీస్తే మళ్ళీ తిరిగింది. ఇప్పుడు లోపలి పళ్ళు అరిగిపోయాయి. ఇందులో రీలు తప్పేమీ లేదు. వీటిని చేసిన చేతులను దేవుడు దీవించును గాక. మీరు జీవితకాలమని మాట ఇచ్చారు గనుక మార్చి ఇవ్వగలరని నమ్ముతున్నాను."

మొన్న జవాబు వచ్చింది. మా వస్తువు మీద మీకున్న అభిమానానికి ధన్యవాదాలు, మార్చడం కుదరదు అని ఉంది. ధన్యవాదాలు చెప్పారు గనుక కోపం లేదనుకుంటాను. మరి ఎందుకు కాదన్నారు? పాస్టరు గారి ఇంగ్లీషులో ఏమైనా తేడా వచ్చిందా?

మీ మామ

*

బెంగళూరు,
ఆగస్టు 2004

మామా,

నీ జాబు చదివి పడీ పడీ నవ్వాను. పక్క మంచం మీద అమ్మాయి లేచి తిట్టింది. తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది.

పాస్టరు గారి ఇంగ్లీషులో తేడా ఏమీ లేదు. తేడా నీలో ఉంది. నువ్వు గ్యారంటీ అడగలేదు మామా, సంఘంలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పావు. రీలుకు మంచి నడవడిక అని సర్టిఫికెట్ ఇచ్చావు. అంత మంచి రీలును వాళ్ళు ఎందుకు మారుస్తారు?

ఈసారి మూడే మాటలు రాయాలి. మామూలుగా వాడుతుండగా ఉన్నట్టుండి ఆగిపోయింది. అంతకు ముందు ఏ ఇబ్బందీ లేదు. తయారీలో లోపం ఉందని నమ్ముతున్నాను. అంతే. వేరే కాగితం మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి పంపుతున్నాను, చూసి దించు. పిల్లలు, పెద్దలు, తాగినవాళ్ళు ఎవరూ అందులో ఉండకూడదు. దేవుడు కూడా వద్దు.

ఈ మాటలు నేను పంపినట్టు ఎక్కడా అనకు. ఇలా చెప్పిస్తే మా ఆఫీసులో తీసేస్తారు. ఒక ముసలాయనకు ఫోనులో చెప్పబోయి ఇప్పటికే ఒకసారి మాట పడ్డాను.

ప్రవీణ

*

అజీజ్‌నగర్,
అక్టోబరు 2004

బిడ్డా ప్రవీణా,

నువ్వు పంపిన కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి మాట దించాను. రెండో మాట దించాను. మూడో మాట దగ్గర చెయ్యి ఆగింది. లోపం ఉందని నేను నమ్మడం లేదు. అవి ఎంత పని చేశాయో చూసినవాణ్ణి నేను. నేను సంఘపెద్దను, నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం పట్టుకుని వరుస వరుసకూ పోయేవాణ్ణి. మనసులో తప్పు పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదు. ఆ చేత్తో ఈ మాట ఎట్లా రాసేది?

అందుకని ఇంకో జాబు రాశాను. రీలులో లోపం లేకపోయినా మాట మాటే కదా, మీరు జీవితకాలమన్నప్పుడు అరుగుతుందని మీకు తెలియదా అని అడిగాను. గిద్యోను గారు ఈసారి కూడా బాగుందన్నారు. కంపెనీ వాళ్ళు మళ్ళీ ధన్యవాదాలు చెప్పారు. అదే కాగితం, తేదీ ఒక్కటే వేరు.

దసరా పోయింది. పండుగకు వచ్చిన గుంపులో ఒక పిల్లవాడు పెద్ద రవ్వ చేపను పట్టాడు. రీలు తిరగక దారం చేత్తో లాగబోతే వేలు తెగింది. వాళ్ళ నాన్న సారు మీద అరిచాడు, సారు నా మీద అరిచాడు. మరునాడు ఒక మేస్త్రీ వచ్చి కుంట చుట్టూ టేపు పట్టి కొలిచాడు. "మీ పండుగ దాక చూస్త జయరాజ్" అన్నాడు సారు. మా పండుగ అంటే క్రిస్మస్.

నీ మీద నాకు కోపం లేదు. కానీ నువ్వు అంత తేలికగా రాశావు చూడు, అది చదివి కొంచెం బాధ కలిగింది.

మీ మామ

*

బెంగళూరు,
నవంబరు 2004

మామా,

నీకు బాధ కలిగిందా? నాకు రోజూ కలుగుతుంది, ఎవరికి రాయను?

నన్ను ఫోన్ల నుంచి తీసి ఉత్తరాల విభాగంలో వేశారు. ఇప్పుడు పగటి పని. అయినా ఎక్కడ ఫోను మోగినా గుండె దడదడలాడుతుంది. ఉత్తరాల్లో ఏముంటుందో తెలుసా? నీలాంటివాళ్ళు ఉంటారు. తన భార్య పోయాక ఆ రీలే తోడని ఒకాయన రాస్తాడు. ముప్పై ఏళ్ళు వాడానని గొప్పగా రాస్తాడు ఇంకొకాయన. అన్నిటి మీదా కుదరదని ముద్ర వేస్తాను. కొన్నది మొన్ననే అయినా, రాయిమీద వేసి పగలగొట్టి, లోపమని మూడు మాటలు రాసినవాడికి కొత్తది పోతుంది. పొద్దున తొమ్మిది నుంచి ఇదే పని.

నీ నిజం ఎవరికి కావాలి మామా? కంపెనీకి వద్దు. సారుకు వద్దు. అది చదివే తీరిక కూడా ఎవరికీ లేదు. నిన్ను బయటికి పంపిస్తే అత్త ఎక్కడ వండుకుంటుంది? అమ్మ ఇంట్లో ఒక్క గది ఉంది, అందులో తమ్ముడి పుస్తకాలు, అమ్మ మంచం ఉన్నాయి. నేను పంపే జీతం మీద ఆ ఇల్లు నడుస్తుంది. ఇంకో ఇద్దరిని నేను మోయలేను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాశాను.

నీ చెయ్యి అంత పవిత్రమైనదైతే అత్త వేలిముద్ర వేయించు.

ప్రవీణ

*

అజీజ్‌నగర్,
డిసెంబరు 2004

ప్రవీణా,

మూడు మాటలూ దించి పంపాను. గిద్యోను గారికి చూపలేదు. కొత్త రీళ్ళు పంపుతున్నామని జవాబు వచ్చింది.

జయరాజ్

*

బెంగళూరు,
డిసెంబరు 2004

మామా! మామా!

చూశావా? నీ జాబు చదివి ఆఫీసు మెట్ల మీదే గంతు వేశాను. అంత మాట అన్నందుకు నన్ను క్షమించు. ఆ రోజు ఒళ్ళు తెలియని కోపంలో ఉన్నాను. ఇక సారు నోరు మూతపడుతుంది. కుంట ఉంటుంది, నువ్వుంటావు, అత్త చేపల వేపుడు ఉంటుంది. నాకు క్రిస్మస్‌కు సెలవు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే వచ్చి కొత్త రీలు నేనే తిప్పేదాన్ని.

రీళ్ళు అందాక ఎలా ఉన్నాయో రాయి. సారు ఏమన్నాడో పూర్తిగా రాయి, ఒక్క ముక్క కూడా వదలకు.

నీ మేనకోడలు
ప్రవీణ

*

అజీజ్‌నగర్,
మార్చి 2005

బిడ్డా ప్రవీణా,

నేను ప్రేమమ్మ అత్తను. నాకు రాసుడు రాదు. నేను చెప్తుంటె పాస్టరు బిడ్డ నిర్మల రాస్తున్నది. మీ మామకు చెప్పకుండ రాపిస్తున్న.

నువ్వు మూడు జాబులు రాసినవ్, మామ ఒక్కదానికి గూడ జవాబియ్యలేదు. తప్పు పట్టకు. కొత్త రీళ్ళొచ్చినయ్. సారు మస్తు ఖుష్ అయిండు, అందరి ముంగట మామ భుజం తట్టిండు. మామ నవ్వలేదు. రీళ్ళు తుడుస్తడు, నూనె పెడ్తడు, చుట్టాలకిచ్చినట్టు వచ్చినోళ్ళకిస్తడు. తను మాత్రం ఒక్కసారి తిప్పలేదు. "ఎట్లున్నయ్" అని నేనడిగితె "ప్లాస్టిక్" అన్నడు. గంతే.

అది కూడ ఫికర్ లేదు బిడ్డ. జనవరి నుంచి బల్ల ఆదివారం రొట్టె తీస్కుంటలేడు. పళ్ళెం తనే పట్టుకోని అందరికిస్తడు, తన వంతు రాంగనే పక్కోళ్ళకు జరుపుతడు. సంఘం సంఘమంత చూస్తున్నది. సంఘపెద్ద గిట్ల చేస్తె ఊకుంటరా? తాగుతుండా, ఇంట్ల కొట్లాటలా అని నన్నడుగుతున్నరు. నేనేమని చెప్పాలె?

ఏం రాసిచ్చినవ్ బిడ్డ ఆ కాయితంల? మామ నీ పేరు చెప్పలేదు. నీ కాయితం ఇంట్ల పెట్టెల కనవడ్డది. నిర్మల చదివి చెప్పింది. నాకైతె అండ్ల పెద్ద తప్పేం కనవడలేదు. మామకు కనవడ్డది. నువ్వొక మాట రాస్తె వింటడేమో.

ప్రేమమ్మ అత్త

*

బెంగళూరు,
మార్చి 2005

మామా,

నువ్వు రొట్టె తీసుకోవడం లేదని తెలిసింది. ఎవరు చెప్పారని అడగకు.

ఆ మాటలు నావి. రాసి పంపింది నేను, ఒత్తిడి చేసింది నేను, అత్త పేరు తెచ్చి నొప్పించింది నేను. పాపమంటూ ఉంటే అది నా లెక్కలో వేయమని దేవునికి చెప్పు. నేను ఇక్కడికి వచ్చాక చర్చికే పోలేదు, నాకు కొత్తగా పోయేదేమీ లేదు.

అయినా ఇదేం పాపం? వాళ్ళు జీవితకాలమని బంగారు అక్షరాలు అచ్చువేసి అమ్ముకున్నారు. అడిగినవాళ్ళకు ఇవ్వకుండా ఉండడానికి మాలాంటి వాళ్ళను గది నిండా కూర్చోబెట్టారు. అందులో అబద్ధం ఎవరిది? నువ్వు వాళ్ళ దగ్గర దొంగిలించలేదు. ఇస్తామన్నది తీసుకున్నావు. దానికి వాళ్ళు అడిగిన మాట చెప్పావు.

దయచేసి ఈ నెల రొట్టె తీసుకో మామా. నువ్వు ఆకలితో ఉన్నట్టు అనిపిస్తోంది నాకు.

ప్రవీణ

*

అజీజ్‌నగర్,
ఏప్రిల్ 2005

బిడ్డా ప్రవీణా,

నీ మాటలో న్యాయం ఉంది. కంపెనీ అబద్ధం కంపెనీది. దాన్ని చూపించి నా అబద్ధాన్ని నేను దాచుకోలేకపోతున్నాను, అంతే. నీ లెక్కలో వేయమని రాశావు. అక్షరం అక్షరం చూసి రాసింది నా చెయ్యి. ఇంగ్లీషు రాకపోతే వేరే మాట, నువ్వు తెలుగులో అర్థం కూడా చెప్పావు కదా.

మొన్న ఆదివారం లేచి నిలబడి సంఘం ముందు చెప్పేశాను. రీళ్ళ కోసం అబద్ధం రాశానని చెప్పాను. ఆరాధన అయ్యాక మా సంఘంలోని బాల్‌రాజ్ నన్ను పక్కకు పిలిచాడు. మందలిస్తాడేమో అనుకున్నాను. "అన్న, ఆ ఇంగ్లీషు ముక్క జర నాక్కూడ రాసియ్యి, మా మిక్సీకి గ్యారంటీ ఉన్నది, షాపోడు ఇస్తలేడు" అన్నాడు. వెనకాలే ప్రమీలమ్మ వచ్చి ఫ్యానుకు కూడా ఆ మాటలు పనికొస్తాయా అని అడిగింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గిద్యోను గారు మాత్రం నవ్వలేదు. "దేవునితోని చెప్పినవ్, మాతోని చెప్పినవ్. ఎవల్ని మోసం చేసినవో వాళ్ళతోని చెప్పినవా?" అన్నారు. ఇంటికి వచ్చి రెండు దినాలు ఆలోచించాను. కొత్త రీళ్ళు అన్నీ విప్పి, తుడిచి, డబ్బాలో పెట్టి కంపెనీకి తిరిగి పంపాను. పాతవి అరిగినవే గానీ లోపం ఉన్నవి కావు, నేను రాసింది అబద్ధం అని జాబు పెట్టాను. ఆ మాటలు ఎవరు చెప్పారో రాయలేదు. పాత రీళ్ళే మళ్ళీ కర్రలకు బిగించాను. ఎండలకు జనం తక్కువ గనుక సారు ఇంకా చూడలేదు.

మీ మామ

*

బెంగళూరు,
ఏప్రిల్ 2005

మామా,

ఎంత పని చేశావు! మన దేశం కాగితాలు చూసే అతను మానేసి వెళ్ళిపోయాడు, నెల నుంచి అవి కూడా నేనే చూస్తున్నాను. నీ పార్సిలు నా బల్ల మీదికే వచ్చింది. విప్పితే లోపల మన ఊరి దుమ్ము, నీ జాబు. ఆ జాబు బల్ల కింద పెట్టుకుని చదివాను.

వస్తువు తిరిగి వస్తే ఎందుకు వచ్చిందో కంప్యూటర్‌లో కారణం వేయాలి. నువ్వు రాసింది రాస్తే దాన్ని మోసం కింద వేయాలి. అప్పుడు రిసార్టు పేరు మీదున్న గ్యారంటీలన్నీ రద్దవుతాయి, సారుకు నేరుగా కాగితం వస్తుంది. ఆ మాటలు నీకు ఎవరు నేర్పారో కనుక్కుని ఆ పేరు కూడా నేనే వేయాలి. అందుకని కారణం దగ్గర వద్దనుకున్నారు అని వేశాను. అంటే నీకు రీళ్ళు నచ్చలేదని. ఎవరికీ ఏమీ కాదు. రీళ్ళు పక్కన పెట్టించాను, నెల పోయాక ఏదో ఒక సాకు చెప్పి మళ్ళీ పంపిస్తాను.

నువ్వు చెప్పాల్సినవాళ్ళకు చెప్పావు. జాబు అందింది, చదివాను. కంపెనీ అంటే ఇక్కడ నేనే. ఇక రొట్టె తీసుకో. సారుతో మాత్రం ఏమీ అనకు, నీకు దండం పెడతాను.

ప్రవీణ

*

హిమాయత్‌నగర్,
జూన్ 2005

బిడ్డా ప్రవీణా,

పైన ఊరి పేరు చూసే నీకు అర్థమై ఉంటుంది.

నీ జాబు రాకముందే సారుతో చెప్పాను. కుంట దగ్గరికి వచ్చి, పాత రీళ్ళు చూసి, కొత్తవి ఏవని అడిగాడు. అప్పుడు ఇంకో అబద్ధం ఆడాలి, లేదా చెప్పాలి. చెప్పాను. "కంపెనోళ్ళనే మోసం చేసినోనివి, రేపు నన్ను చెయ్యవా జయరాజ్? తాళాలిచ్చి పో" అన్నాడు. ఆ రీళ్ళు ఎట్లాగైనా తెప్పించమన్నది ఆయనే గానీ, ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. కుంట దగ్గర ఇప్పుడు జేసీబీ నడుస్తోంది.

ఇక్కడ ఒక రేకుల గది కిరాయికి తీసుకున్నాం. మీ అత్త షేర్ ఆటోలో టమాట తోటలకు కూలికి పోతోంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. నాకు ఇంకా పని దొరకలేదు. మొదటి ఆదివారం రొట్టె తీసుకున్నాను. చిన్న ముక్కే గానీ, మింగడానికి చాలాసేపు పట్టింది. సంతోషంగా ఉంటుందనుకున్నాను. సంతోషం కాదు, బరువు దింపి కూర్చున్నట్టు అలసట.

అలసిపోయాను బిడ్డా. అయినా ఒక మాట అడగాలి. కంపెనీ నుంచి రసీదు వచ్చింది. కారణం అన్నచోట వద్దనుకున్నారు అని ఉంది. నేను వద్దనుకోలేదు. ఆ రీళ్ళు నాకు ఎంత కావాలో నీకు తెలుసు. ఇది కూడా అబద్ధమే, ఈసారి నా పేరు మీద నీ చెయ్యి రాసింది. అది తీసేసి ఉన్నది రాయి. నీ ఇల్లు ఆ జీతం మీద నడుస్తుందని నువ్వే రాశావు. కాబట్టి నేను ఇది అడగకూడదు. అడగకుండా ఉండలేకపోయాను. నువ్వు రాయకపోయినా నా మేనకోడలివే.

మీ మామ
జయరాజ్

*

బెంగళూరు,
జూలై 2005

మామా,

నీ జాబు చదివి నీ మీద మండిపడ్డాను. ఇల్లు పోయింది, పని పోయింది, అత్త తోటలకు పోతోంది, ఇంకా నీకు ఆ ఒక్క ముక్కే పట్టిందా అనుకున్నాను. నీకు రాయకూడదనుకున్నాను. రోజూ ఆఫీసుకు పోయి ముద్రలు వేశాను. ప్రతి కాగితం నువ్వు రాసినట్టే కనబడింది.

సోమవారం నీ ఫైలు తెరిచి వద్దనుకున్నారు అన్నది తీసేశాను. నువ్వు రాసింది ఉన్నదున్నట్టు వేశాను. ఎవరు నేర్పారు అన్నచోట నా పేరు వేశాను. మా పైఆఫీసరు పిలిచాడు. అతను మంచివాడే. "ఇంత చిన్నదానికి నీ పేరు ఎందుకు వేసుకున్నావ్? తీసెయ్, నేను చూడనట్టే ఉంటాను" అన్నాడు. తీయనన్నాను. ఇంకోసారి అడిగాడు. తర్వాత నా మెడలో బ్యాడ్జి అడిగి తీసుకున్నాడు. నీ దగ్గర ఇక పోగొట్టుకోవడానికి ఏమీ లేదు గనుక మోసమని వేసినా నీకు ఏమీ కాదు. నాకు ఏడుపు రాలేదు, నిద్ర వస్తోంది.

శుక్రవారం బయలుదేరుతున్నాను. అమ్మకు నేనే చెప్పుకుంటాను, నువ్వు ముందే చెప్పి కంగారు పెట్టకు. తమ్ముడి ఫీజుకు చేవెళ్లలో ఏదో ఒక పని చూసుకోవాలి. దొరుకుతుందో లేదో తెలియదు. అందరం కలిసి అమ్మ దగ్గర ఆ ఒక్క గదిలోనే పడుందాం, ఎవరినీ మోయలేనని రాసిన మాట మరిచిపో.

వెళ్ళేముందు కొత్తగా వచ్చిన అమ్మాయికి పని అప్పజెప్పమన్నారు. ఈ ఏడే డిగ్రీ అయిందట, చేతిలో కొత్త నోటుబుక్కు. ముద్రలు ఎక్కడుంటాయో, కాగితాలు ఎట్లా కట్టాలో చెప్పాను. అన్నీ విని "వీటిలో వేటిని కాదనాలి మేడమ్?" అని అడిగింది. నిజం రాసినవాళ్ళవి అని చెప్పాను. రాసుకుంది.

ప్రవీణ